తరాజులో టైగర్: ఆటలో ఇన్సాఫ్, జంగ్‌లో హకీకత్

మొన్న ఈద్ సెలవులకి గుంటూరులో ఆపా వాళ్లింటికి వెళ్లాను. షీర్ ఖుర్మా తాగి అందరం కాస్త నడుం వాల్చామో లేదో, పక్క కమరాలోంచి ధన్ ధన్ మని చప్పుళ్లు. లేచి వెళ్లి చూస్తే నా భాంజా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పదిహేనేళ్లవాడు. స్క్రీన్ మీద జర్మనీ వాళ్ల టైగర్ ట్యాంక్.

"మామూ, దీని ముందు ఎవడూ ఆగడు. ఎదుటోడి గుండు తగిలినా టంగ్‌మని ఎగిరి పోద్ది, చూడు" అన్నాడు.

"అంత తాకత్ ఉన్న బండి చేతిలో పెట్టుకుని జర్మనీ జంగ్ ఎందుకు ఓడిపోయింది బేటా?" అనడిగాను.

వాడు ఒక్క క్షణం ఆలోచించి, "పెట్రోల్ అయిపోయిందేమో మామూ" అని నవ్వాడు.

మజాక్‌కి అన్నాడు గానీ సగం జవాబు అందులోనే ఉంది. మిగతా సగం కోసమే ఈ మజ్మూన్. మన ఇళ్లలో పిల్లలు రెండో ప్రపంచ యుద్ధం తవారీఖ్‌ని బడి పుస్తకంలో రెండు పేజీలు చదువుతున్నారు, స్క్రీన్ మీద రెండొందల గంటలు ఆడుతున్నారు. ఆ రెండొందల గంటలు వాళ్లకి ఏం నేర్పుతున్నాయో పెద్దవాళ్లం కూడా తెలుసుకోవాలి.

ఆటకి తరాజు ఎందుకు

ఈ ఆటలు తెలియని అమ్మీలూ అబ్బాల కోసం ముందు కొంచెం చెప్తాను. ట్యాంక్ ఆటల్లో బాగా పేరున్నవి రెండు. ఒకటి వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్. రెండోది వార్ థండర్.

వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్‌లో ఇటు పదిహేను మంది, అటు పదిహేను మంది. ఒక్కొక్కరికి ఒక ట్యాంక్. ట్యాంకులన్నిటినీ దర్జాలుగా విడదీశారు. అమెరికా వాళ్ల షెర్మన్ ఐదో దర్జా, రష్యా వాళ్ల టీ-34 కూడా ఐదే, టైగర్ ఏడో దర్జా, మౌస్ అనే జర్మనీ భూతం పదో దర్జా. ప్రతి ట్యాంక్‌కీ ప్రాణం అంకెల్లో ఉంటుంది. గుండు దిగితే అంకె తగ్గుతుంది, సున్నా అయితే బండి ఖతమ్. గుండు దెబ్బ కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు. పాతిక శాతం అటూ ఇటూ పాచికలు వేసినట్టు మారుతుంది. బాగా ఆడేవాడు ప్రతిసారీ గెలవకుండా, కొత్తగా వచ్చినవాడికి కూడా కాస్త నసీబ్ కలిసొచ్చేలా చేసిన ఏర్పాటు అది.

వార్ థండర్ ఇంకో దారి పట్టింది. అందులో ప్రాణానికి అంకె లేదు. గుండు కవచం చీల్చుకుని లోపలికి వెళ్లిందా, వెళితే ఎవరికి తగిలింది, డ్రైవర్‌కా, గన్నర్‌కా, మందుగుండుకా, ఇంజిన్‌కా అని లెక్క కడుతుంది. చూడటానికి చాలా అసలుగా ఉంటుంది. కానీ అక్కడ కూడా ఒక తరాజు ఉంది. ప్రతి బండికీ ఒక రేటింగ్ ఇస్తారు. దాన్ని తోలినవాళ్లు ఎంత బాగా గెలుస్తున్నారో చూసి ఆ రేటింగ్ పెంచుతారు, తగ్గిస్తారు. అంటే అది బండి పుట్టిన ఏడాదికి ఇచ్చిన అంకె కాదు, ఆటగాళ్ల గెలుపోటములకి ఇచ్చిన అంకె.

ఎందుకు ఇదంతా? ఇన్సాఫ్ కోసం. ఆటకి వచ్చిన ప్రతివాడికీ గెలిచే మౌకా ఉండాలి. లేకపోతే రెండో రోజు ఎవడూ రాడు, దుకాణం బంద్. ఇందులో తప్పేం లేదు. క్యారమ్స్ బోర్డు మీద కూడా ఇద్దరికీ సమానంగా కాయిన్లు పెడతాం కదా.

తేడా ఎక్కడంటే, క్యారమ్స్ కాయిన్‌కి తవారీఖ్ లేదు. టైగర్‌కి ఉంది. ఆటగాడికి ఇన్సాఫ్ చేయాలంటే తవారీఖ్‌కి బే-ఇన్సాఫీ చేయక తప్పదు. వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ నడిచిన చాలా కాలం, రెండు దర్జాల తేడా వరకూ బళ్లని ఒకే మైదానంలోకి దింపేవాళ్లు. అందువల్ల 1942లో పుట్టిన టైగర్ ముందుకి 1950లలో ఇంగ్లాండ్ చేసిన కాంకరర్ వచ్చి నిలబడేది. తాతతో మనవడు కుస్తీ పట్టినట్టు.

కార్ఖానా లెక్క

ఇప్పుడు అసలు టైగర్ సంగతి. బరువు 57 టన్నులు. ముందు కవచం 100 మిల్లీమీటర్లు. ఫిరంగి 88 మిల్లీమీటర్లు. లోపల ఐదుగురు మనుషులు. ఈ అంకెలు ఆటలో చాలావరకు సరిగ్గానే ఉంటాయి. నా భాంజాకి ఇవన్నీ కంఠతా వచ్చు.

వాడికి తెలియని అంకె వేరే ఉంది. 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు వరకు, రెండేళ్లలో జర్మనీ చేయగలిగిన టైగర్లు సుమారు 1,350. అదే జంగ్‌లో అమెరికా చేసిన షెర్మన్లు దాదాపు 49 వేలు. రష్యా టీ-34లు 50 వేలకు పైమాటే. అంటే ఒక్క టైగర్‌కి లెక్కన 36 షెర్మన్లు, అంతకు మించి టీ-34లు.

ఇప్పుడు ఒక ఆట పూర్తిగా హకీకత్ మీదే నడవాలంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఒక పిల్లాడు టైగర్ ఎక్కుతాడు. ఎదురుగా ముప్ఫై ఆరు మంది షెర్మన్లు ఎక్కుతారు. పైన విమానాలు, వెనక తోపులు. టైగర్ పిల్లాడు రెండు నిమిషాల్లో బయటికి వస్తాడు. షెర్మన్ పిల్లల్లో చాలామందికి శత్రువు ముఖమే కనబడదు. ఎవరికీ మజా ఉండదు. అందుకే ఆట తయారుచేసేవాళ్లు పదిహేనుకి పదిహేను పెడతారు. ఆ సమానత్వం పెట్టిన మరుక్షణం టైగర్ రాజైపోతుంది. ఎందుకంటే దాని అసలు కమజోరీ, అంటే తక్కువ సంఖ్య, తరాజులోంచి తీసేశారు.

"ఒక టైగర్‌ని కొట్టాలంటే ఐదు షెర్మన్లు కావాలి" అన్న మాట వీడియోల్లో తెగ వినబడుతుంది. అమెరికా ఫౌజ్‌లో ట్యాంక్ దళం చిన్న యూనిట్ అంటేనే ఐదు ట్యాంకులు. ఒక మామూలు మెషిన్‌గన్ గూడు మీదికి పంపినా ఐదే వెళ్లేవి. పైగా పశ్చిమ యూరప్‌లో అమెరికా వాళ్లకి టైగర్ ఎదురుపడింది చాలా అరుదు. నార్మండీలో వాటితో ఎక్కువగా తలపడింది బ్రిటిష్, కెనడా ఫౌజ్‌లు. భయంలో చాలామంది సిపాయిలు మామూలు పాంజర్-4ని చూసి కూడా టైగర్ అనుకునేవారు. ఆ ఖౌఫ్ మాత్రం అసలుదే. అది ఆటలోకి రాలేదు.

ఏనుగుని కొనొచ్చు, మేపడమే కష్టం

టైగర్ మొదటిసారి మైదానంలోకి దిగింది 1942 ఆగస్టు ఆఖర్లో, రష్యాలో లెనిన్‌గ్రాడ్ దగ్గర. దిగినవి నాలుగు. నేల చిత్తడి, చుట్టూ అడవి. తొలి రోజే నాలుగింటిలో మూడు మొరాయించి ఆగిపోయాయి. ఆపై జనవరిలో అక్కడే ఒక టైగర్ రష్యన్ల చేతికి చిక్కింది. వాళ్లు దాన్ని విప్పి, కాల్చి, ఎక్కడ కొడితే పగులుతుందో చూసుకున్నారు.

ఆ బండిని రైలు మీద తీసుకెళ్లాలంటే ముందు వెడల్పాటి పట్టాలు విప్పి, సన్నవి తొడగాలి. వెడల్పువి రైలు బోగీ దాటి బయటికి వస్తాయి మరి. దిగాక మళ్లీ మార్చాలి. చక్రాలు ఒకదాని మీద ఒకటి చాపల్లా అల్లి ఉంటాయి. లోపలి చక్రం ఒకటి చెడితే బయటివి చాలా విప్పాలి. చలికాలంలో వాటి మధ్య బురద గడ్డ కట్టేది. పెట్రోల్ ట్యాంకు 540 లీటర్లు. అది నిండా పోసినా మంచి రోడ్డు మీద 200 కిలోమీటర్లు కూడా దాటదు, పొలాల్లో అయితే అందులో సగం. మధ్యలో ఆగిపోతే లాగడానికి 18 టన్నుల లాగుడు బళ్లు రెండు మూడు కావాలి. చాలా వంతెనలు దాని బరువు మోయలేవు.

ఆటలో పట్టా తెగితే ఒక మీట నొక్కుతారు, కొన్ని సెకన్లలో బాగైపోతుంది. హకీకత్‌లో అదే పని గంటల తరబడి, సుత్తులూ ఇనుప కడ్డీలతో, తూటాల మధ్య. ఆటలో పెట్రోల్ ఎప్పటికీ అయిపోదు. గేర్‌బాక్స్ తనంతట తాను చెడదు. వంతెన కూలదు. ఆట మొదలయ్యేసరికి బండి మైదానంలో సిద్ధంగా నిలబడి ఉంటుంది. అక్కడిదాకా రావడమే టైగర్‌కి జంగ్‌లో సగం అని ఆట చెప్పదు.

మౌస్ సంగతి ఇంకా తమాషా. పేరు ఎలుక, బరువు 188 టన్నులు. చేసినవి రెండే నమూనాలు. ఒక్క జంగ్‌లోనూ తలపడలేదు. ఏ వంతెనా మోయదు కాబట్టి నది అడుగున నడిపిద్దాం అనుకున్నారు, ఒడ్డున ఇంకో మౌస్ నిలబడి తీగతో కరెంటు పంపాలట! ఈరోజు ఆ రెండింటి భాగాలు కలిపి చేసిన ఒక్క బండి రష్యాలో కుబింకా మ్యూజియంలో ఉంది. ఆటలో మాత్రం రోజూ లెక్కలేనన్ని మౌస్‌లు తిరుగుతున్నాయి.

వార్ థండర్ వాళ్లు ఈ విషయంలో కాస్త సిగ్గుపడి, కాగితం దాటి బయటికి రాని కొన్ని జర్మన్ బళ్లని కొత్త ఆటగాళ్లకి అందకుండా తీసేశారు. అసలు మీద పట్టుదల ఇంకో కొసకి కూడా వెళ్లింది. 2021లో ఒక ఆటగాడు, ఆటలో ఇప్పటి బ్రిటిష్ ట్యాంక్‌ని తప్పుగా చూపించారని రుజువు చేయడానికి ఏకంగా ఫౌజ్ రహస్య కాగితాలే బయటపెట్టాడు. కవచం మందం మిల్లీమీటర్ తేడా రాకూడదు. పెట్రోల్ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు!

2006లో వచ్చిన కంపెనీ ఆఫ్ హీరోస్ అనే ఆట ఈ చిక్కుకి కొంచెం తెలివైన జవాబు కనిపెట్టింది. అందులో మనుషులు, మందుగుండు, ఇంధనం అని మూడు ఖాతాలు ఉంటాయి. రోడ్లూ కూడళ్లూ మన చేతిలో ఉంటేనే ఖాతా నిండుతుంది. భారీ ట్యాంక్ వస్తుంది, కానీ ఆలస్యంగా వస్తుంది, ఖరీదుగా వస్తుంది, పోతే గుండె గుభేలంటుంది. బండి తాకత్ తగ్గించకుండా దాని ధర పెంచి తరాజు సరిచేశారు. నా ఖయాల్‌లో తవారీఖ్‌కి దగ్గరగా వచ్చిన బ్యాలెన్స్ అదే. అసలు జంగ్‌లో కూడా టైగర్‌ని ఓడించింది దాని ధరే.

లా గ్లేజ్‌లో ఆగిన బండి

భాంజా మజాక్‌కి అన్న మాటకి నిలువెత్తు గవాహీ ఒకటి బెల్జియంలో ఉంది. 1944 డిసెంబరులో జర్మనీ ఆఖరి పెద్ద దాడి చేసింది. ముందు నడిచిన దళం నాయకుడు పైపర్ అనే ఎస్‌ఎస్ అఫ్సర్. అతని దగ్గర టైగర్-2లు, దాదాపు 70 టన్నుల బళ్లు, ఉన్నాయి. లా గ్లేజ్ అనే చిన్న పల్లె చేరేసరికి ముందు వంతెనలు పేల్చేసి ఉన్నాయి, వెనక దారి మూసుకుపోయింది, పెట్రోల్ అయిపోయింది. డిసెంబరు 24 తెల్లవారకముందు సుమారు 800 మంది బళ్లన్నీ వదిలేసి మంచులో కాలినడకన పారిపోయారు. ఆ వదిలేసిన టైగర్-2 ఒకటి ఇప్పటికీ ఆ పల్లెలో నిలబడి ఉంది.

ఈ కిస్సా ఇక్కడితో ఆపితే నేను కూడా ఆట చేసిన పనే చేసినట్టు. అదే దళం వాళ్లు అంతకు వారం ముందు, డిసెంబరు 17న, మాల్మెడీ దగ్గర ఒక కూడలిలో, లొంగిపోయి చేతులెత్తిన 84 మంది అమెరికా ఖైదీల్ని కాల్చి చంపారు. టైగర్లు తయారైన కాసెల్ నగరంలోని హెన్షెల్ కార్ఖానాలో, పట్టి తెచ్చిన పరదేశీ మజ్దూర్లు వేలమంది జబర్దస్తీగా పనిచేశారు. ఆట ఆ బండి కవచం మందం చెబుతుంది, రంగు మార్చుకోనిస్తుంది. ఆ ఇనుము మీద ఎవరి చెమట ఉందో చెప్పదు.

ఇందులో నాకు ఒక వింత కనబడుతుంది. వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ పుట్టింది బెలారుస్ రాజధాని మిన్‌స్క్‌లో. ఆ జంగ్‌లో బెలారుస్ తన జనాభాలో దాదాపు నాలుగో వంతుని పోగొట్టుకుంది. ఊళ్లకి ఊళ్లు మనుషులతో సహా తగలబడ్డాయి. ఆ నేల మీది మనవళ్లు చేసిన ఆటలో, ఆ నేలని కాల్చిన ఫౌజ్ బండి అందరూ ముచ్చటపడే బండి! తప్పు వాళ్లదని అనను. ఇనుముని మనుషుల నుంచి విడదీస్తే ఎవరికైనా అంతే, మెరుపే కనిపిస్తుంది.

బరువు ఎదుటివాడిని బట్టి

భారీ ట్యాంక్ అంటే ఎన్ని టన్నులు? ఈ ప్రశ్నకి ఆటలో జవాబు దర్జా పట్టికలో దొరుకుతుంది. జంగ్‌లో మాత్రం ఎదురుగా ఎవరున్నారు అన్నదే జవాబు.

జపాన్ వాళ్ల చీ-హా ట్యాంక్ ఆటల్లో కింది దర్జా బండి. బరువు 15 టన్నులు, కవచం టైగర్ కవచంలో దాదాపు నాలుగో వంతు. పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు. 1942 జనవరి 7న, మలయాలో స్లిమ్ నది దారి మీద, తెల్లవారకముందు, ఆ చిన్న బళ్లే ఇంకా చిన్నవాటితో కలిసి 30 దాకా వచ్చి పడ్డాయి. ముందు వరసలో ఉన్నది హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్. పేరు మన హైదరాబాద్‌దే, నిజాం కంటింజెంట్ నుంచి వచ్చిన పేరు. జవాన్లలో మాత్రం ఎక్కువమంది ఉత్తరాది కుమావూ, అహీర్, జాట్‌లు. 1945లో అదే కుమావూ రెజిమెంట్ అయింది. మలయాలో అప్పటికి బ్రిటిష్ వాళ్ల దగ్గర ఒక్క ట్యాంక్ కూడా లేదు. చాలామంది జవాన్లు ట్యాంక్‌ని చూడటం కూడా అదే మొదటిసారి. పూట గడిచేసరికి ఆ ట్యాంకులు స్లిమ్ వంతెన దాటిపోయాయి. ఆ ఒక్క రోజులో 11వ ఇండియన్ డివిజన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నాలుగు రోజులకి కౌలాలంపూర్ పడింది. ఫిబ్రవరి 15న సింగపూర్.

ఆ ఉదయం ఆ జవాన్లకి చీ-హా టైగర్ కంటే తక్కువేం కాదు. ఏ ఆటా ఈ జంగ్‌ని ఉన్నదున్నట్టు పెట్టదు. పదిహేను ట్యాంకులు ఒక వైపు, రైఫిళ్లతో కాలిబంట్లు ఇంకో వైపు అంటే ఎవరు ఆడతారు?

జీపు మీద తోపు

చివరికి మన ఇళ్లలో అందరికీ తెలిసిన పేరుతో ముగిస్తాను. 1965 సెప్టెంబరు 10, పంజాబ్‌లో ఖేమ్ కరణ్ సెక్టార్. ఎదురుగా పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు, ఒక్కొక్కటి 45 టన్నుల పైన. ఇటు ఘాజీపూర్ జిల్లా ధాముపూర్ నుంచి వచ్చిన హవల్దార్ అబ్దుల్ హమీద్, ఒక జీపు, దాని మీద 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ తోపు. ఆ జీపుకి కవచం అంటూ లేదు. ఆ తోపు కాల్చగానే వెనక్కి మంట, దుమ్ము లేస్తాయి. అంటే మన చోటు శత్రువుకి తెలిసిపోతుంది. కాల్చాలి, వెంటనే జరగాలి, మళ్లీ కాల్చాలి. చెరకు తోటలు ఆయనకి పర్దా అయ్యాయి. నీళ్లు వదిలిన పొలాల్లో ప్యాటన్లు కూరుకుపోయాయి. ఒకదాని తర్వాత ఒకటిగా ట్యాంకుల్ని కొట్టి, ఆఖరికి ఒక ట్యాంక్ గుండుకే ఆయన షహీద్ అయ్యారు. పరమ్ వీర్ చక్ర ఇచ్చారు.

జీపుని ప్యాటన్ ముందు ఒంటరిగా నిలబెట్టి, దాని వెనక తిరిగి రాని మరణం పెట్టి, ఇది సమానమైన పోటీ అని ఏ గేమ్ కంపెనీ కూడా అనదు. ఆటలో జీపు పోతే ముప్ఫై సెకన్లలో ఇంకో జీపు వస్తుంది. ధాముపూర్‌లో మాత్రం ఇంకో అబ్దుల్ హమీద్ తిరిగి రాలేదు. ఆ ప్యాటన్లలో కాలిపోయిన పిల్లల ఇళ్లకి కూడా ఎవరూ తిరిగి రాలేదు. ఆ లెక్క ఏ తరాజులోనూ తూగదు.

ఇదంతా చెప్పి భాంజా చేతిలోంచి ఆట లాగేసుకోమని అనడం లేదు. నేనే ఆ సాయంత్రం వాడి పక్కన కూర్చుని రెండు మ్యాచ్‌లు ఆడి, రెండూ ఓడిపోయాను. అమ్మీలూ అబ్బాలూ చేయవలసింది చిన్న పని. పక్కన కూర్చుని మూడు సవాళ్లు అడగండి. ఈ బండికి పెట్రోల్ ఎక్కడి నుంచి వచ్చింది? దీన్ని ఎవరి చేతులు చేశాయి? లోపలున్న ఐదుగురూ తర్వాత ఏమయ్యారు? ఆట వీటికి జవాబు ఇవ్వదు. ఇవ్వదని పిల్లాడికి తెలిస్తే చాలు. అప్పుడు ఆటని ఆటగా ఆడతాడు, తవారీఖ్‌ని తవారీఖ్‌గా వెతుక్కుంటాడు.

నేను బయల్దేరేటప్పుడు వాడు గేటు దాకా వచ్చాడు. "మామూ, లా గ్లేజ్‌లో ఆ టైగర్ నిజంగా ఇంకా ఉందా?" అనడిగాడు.

"ఉంది బేటా."

"మరి దాన్ని అక్కడే ఎందుకు వదిలేశారు?"

"వదిలేసి వెళ్లిన వాళ్లకి కావాలన్నా కదల్లేదు. ఇప్పుడు ఆ ఊరివాళ్లు కదలనివ్వరు."

వాడు కాసేపు ఖామోష్‌గా నిలబడ్డాడు. తర్వాత "పెట్రోల్ అని నేను ముందే చెప్పా కదా మామూ" అన్నాడు. ఈసారి నవ్వలేదు.